ఎర్రగా మెరవకపోతే చచ్చినట్టేనా?

ఆరో చలికాలం మొదట్లో మా కట్టెల స్టవ్‌లో కంబస్టర్ ఎర్రబడటం మానేసింది. అంతకుముందు బైపాస్ (పొగను కంబస్టర్‌కు తగలకుండా నేరుగా చిమ్నీలోకి వదిలే పలక) మూసిన కాసేపటికే నిప్పుకణికలా వెలిగేది. దీని పని అయిపోయింది, కొత్తది కొనాల్సిందేనని ఆ రాత్రే తీర్మానించేశాను. చివరికి ఆ మాటే నిజమైంది గానీ, నేను అనుకున్న కారణం మాత్రం శుద్ధ తప్పు.

కంబస్టర్ అంటే తేనెపట్టులా సన్నటి గళ్లున్న దిమ్మ. మాది పింగాణీది, స్టీలువీ ఉంటాయి. గళ్ల గోడలకు పల్లాడియమో ప్లాటినమో పలుచగా పూసి ఉంటుంది. పొగ తనంతట తాను మండాలంటే 550 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. ఈ పూత తగిలితే 260 దగ్గరే అంటుకుంటుంది. చిక్కటి పొగ ఒక్కసారిగా తగిలితేనే దిమ్మ ఎర్రబడేది. పొగ పలచబడ్డాక నల్లగా ఉంటూనే తన పని చేసుకుపోతుంది. ఐదేళ్లు వాడినా నాకీ ముక్క తెలియదు.

తెలిశాక లోపలికి తొంగిచూడటం మానేసి చిమ్నీ కొస చూడటం మొదలుపెట్టాను. తెల్లగా కనిపించేదంతా పొగ కాదు. ఆవిరైతే గొట్టం దాటాక కొంచెం దూరంలోనే గాలిలో కలిసిపోతుంది. మాది నీలంగా సాగి పక్కింటి కప్పు దాకా పోతోంది. స్టవ్ అద్దం కూడా రెండు రోజులకే తారు పూసినట్టు నల్లబడుతోంది.

అయినా నేరం కంబస్టర్ మీదే వేయడానికి మనసొప్పలేదు. ముందు కట్టె. ఒక దుంగను అప్పటికప్పుడు చీల్చి, చీలిన ముఖం మీద మీటరు గుచ్చితే 27 శాతం తేమ! 20కి లోపు ఉండాలి. పైన ఎండినట్టే ఉంది, లోపల పచ్చి. బాగా ఎండినవి వేస్తే పొగ కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూశాను, చుట్టూ గట్టిగానే పట్టుకుంది. బైపాస్ పలక కింద బూడిద ఇరుక్కుని పూర్తిగా మూసుకోవట్లేదు. అదీ దులిపాను.

స్టవ్ బాగా చల్లారాక కంబస్టర్ బయటికి తీస్తే చాలా గళ్లు బూడిదతో పూడుకుపోయి ఉన్నాయి. మెత్తటి బ్రష్షుతో దులిపాను. పుల్లతో పొడవాలని చెయ్యి దురద పెట్టింది గానీ, పూత గీసుకుపోతుందని ఆగాను. తర్వాత డిస్టిల్డ్ వాటరు, తెల్ల వెనిగరు సగం సగం కలిపి అరగంట సన్నటి సెగ మీద ఉడికించి, మళ్లీ డిస్టిల్డ్ వాటరుతోనే రెండుసార్లు కడిగాను. ఇల్లంతా ఊరగాయ జాడీ తెరిచినట్టు వాసన. తడి మిగిలితే వేడికి పగులుతుందని పూర్తిగా ఆరనిచ్చాకే బిగించాను. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆపైన మామూలే.

అప్పుడు చేసిన పరీక్షే తేల్చింది. మంట బాగా పుంజుకుని, థర్మామీటరు 260 దాటాక బైపాస్ తెరిచే ఉంచి బయటికెళ్లి పొగ చూశాను. మూసి, ఇరవై నిమిషాలాగి మళ్లీ చూశాను. అదే పొగ, అదే చిక్కదనం. లోపల ముల్లు పైకి పోవాల్సింది పోయి కిందికి జారుతోంది.

ఈసారి తీసి వెలుగులో పట్టుకుంటే మధ్య వరుసలు వేలు తగలగానే సుద్దలా రాలాయి. సన్నటి పగుళ్లకు భయపడక్కర్లేదు గానీ, ముక్కలే ఊడిపోతే పొగ ఆ కంతలోంచి తప్పించుకుపోతుంది. ఈ కంబస్టర్లు 10 వేల నుంచి 12 వేల గంటలు వస్తాయంటారు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి ఐదు నెలలు, మాది 9 వేలకే పోయింది. మిగతా ఆయుష్షు నేనే తిన్నాను. కాలుతున్న దిమ్మ కింద పచ్చి దుంగలు వేసింది నేనే. ఒకసారి రంగు వేసిన పాత చెక్కలు తగలేసిందీ నేనే. రంగులోని లోహాలు పూతకు పడితే వెనిగరు కూడా ఏమీ చేయలేదు.

కొత్తది పెట్టిన రోజు అర్ధరాత్రి మెలకువ వచ్చి చూశాను. దిమ్మ నల్లగా, చచ్చినట్టే ఉంది. థర్మామీటరు 350 చూపిస్తోంది. టార్చి పట్టుకుని బయటికెళ్లాను. చిమ్నీ మీద పొగ లేదు. గొట్టం పైన ఉన్న రెండు చుక్కలు మాత్రం వేడిగాలికి కొంచెం వణుకుతున్నాయి.