చెల్లి ల్యాప్‌టాప్ కీబోర్డు

ముందు ‘ఎ’, తర్వాత స్పేస్ బార్ పోయాయి. విశాఖ ద్వారకానగర్‌లో రిపేర్ చేసే అన్న విప్పి చూపించాడు: కీబోర్డు పై ప్యానెల్‌కు రివెట్లతో (స్క్రూల్లా విప్పలేని మేకులతో) బిగించి ఉంది, రెండు మీటలు పోయినా మొత్తం మార్చాల్సిందే. ఇలా తయారుచేయడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆపిల్ అంతటి కంపెనీయే తన ల్యాప్‌టాప్‌లలోని బటర్‌ఫ్లై అనే పలుచటి మీటల కీబోర్డులకు 2018లో ఉచిత రిపేర్ ప్రకటించాల్సి వచ్చింది, కొన్నప్పటి నుంచి 4 ఏళ్ల వరకు!

నాన్న ముందుచూపుతో ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నారు. సర్వీస్ సెంటర్‌లో మొదట వెతికింది తుప్పు, తడి మరకల కోసమే. ఉప్పుగాలి కొట్టే ఎంవీపీ కాలనీలో ఉంటాం కదా, అక్కడే నాకు టెన్షన్. అవేమీ లేవు, ఉచితంగా మార్చారు. టీ ఒలికితే మాత్రం ఈ వారంటీ పనికిరాదట, యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ విడిగా తీసుకోవాలి. చెల్లి ప్రాజెక్టు రిపోర్టు ఈ రాత్రికి పూర్తవుతుంది.