నన్ను ఆపిన గురువుగారు

ఆరేళ్ళ క్రితం మా గురువుగారి ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు నా చేతిలో ఒక లావుపాటి నోటు పుస్తకం ఉంది. అప్పటికి నేర్చుకున్న 34 కీర్తనలను, రాగతాళాలతోనూ ఆరోహణావరోహణలతోనూ సహా, రంగు కలాలతో అందులో రాసి పెట్టుకున్నాను. 40 ఏళ్ళు దాటిన తరువాత, అదీ విదేశంలో, కర్ణాటక సంగీతం మొదలుపెట్టిన మనిషికి అలాంటి పుస్తకం ఎంతో ధైర్యాన్నిస్తుంది. ఆవిడ ఒక కీర్తన పాడమన్నారు. పల్లవిలో రెండవ సంగతి, అంటే అదే పంక్తిని కాస్త మార్చి పాడే రెండవ వరుస, పూర్తికాకముందే చెయ్యెత్తి ఆపారు. "ఏమీ అనుకోకండమ్మా, శ్రుతి ఎక్కడుందో ఒక్కసారి వినండి" అంటూ తంబుర మీటి, షడ్జం, అంటే 'స', పట్టుకుని నిలవమన్నారు. ఆ రోజు గంటసేపు సాగిన పాఠంలో నేను పలికిన స్వరం అదొక్కటే.

ఆ తరువాత నాలుగు నెలలపాటు ఆ పుస్తకం తెరవలేదు. మాయామాళవగౌళ రాగంలో మొట్టమొదటి పాఠాలైన సరళీ వరుసలు, వాటి వెనుక జంట వరుసలు, మూడు కాలాల్లోనూ అంటే మూడు వేగాల్లోనూ, అకారంతోనూ మళ్ళీ మొదటి నుంచి పాడవలసి వచ్చింది. జంట వరుసల్లో 'స స' అన్నప్పుడు రెండవ షడ్జాన్ని లోపలి నుంచి కాస్త నొక్కి పలకాలని, ఆ నొక్కే తరువాత స్వరాన్ని ఊపి పలికే గమకాలకు పునాది అవుతుందని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. రెండు స్వరాలను పక్కపక్కన పెట్టి పాడితే చాలుననుకున్నాను. నిజానికి నేను పాడిన 34 కీర్తనల్లోనూ ఆ లోపం వినబడుతూనే ఉండి ఉంటుంది. వినిపించుకోవలసిన నాకే వినబడలేదు.

అంతకు ముందు రెండేళ్ళు నేను వెళ్ళిన తరగతిని తప్పు పట్టాలని ఈ మాట చెప్పడం లేదు. అక్కడ పండుగ సభలు ఉండేవి, వాటిలో వేదిక ఎక్కడానికి పాటలు కావలసి ఉండేవి, పిల్లలు విసుగు చెందకుండా తల్లిదండ్రులను సంతోషపెట్టవలసిన అవసరమూ ఉండేది. మొదట్లో నేర్పే చిన్న పాటలైన పిళ్ళారి గీతాలను రెండు వారాల్లో ముగించి కీర్తనలకు వెళ్ళిపోయేవాళ్ళం. దేశం కాని దేశంలో ఏదో ఒక పాట నోటికి రావడమే గొప్ప అనిపించేది. అయితే ఈ తొందర వల్ల జరిగే నష్టం విదేశంలో ఉన్నవారికే ఎక్కువని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆకాశవాణిలో ఉదయం పూట భక్తిరంజని వింటూ పెరిగిన పిల్లకు పాఠం మొదలు కాకముందే కొన్ని రాగాల పోకడ చెవిలో పడి ఉంటుంది. ఆ వినికిడి గురువు సగం పనిని చేసి పెడుతుంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు, నాలాగా చిన్నప్పుడు చెవిన పెట్టని పెద్దలకు, వారానికి వచ్చే ఆ ఒక్క గంట తప్ప వేరే ఆధారం లేదు. అందుకే ఆ గంటలో ఏమి చెప్పాలో, అంతకన్నా ముఖ్యంగా ఏమి చెప్పకూడదో తెలిసిన గురువు దొరకడం అదృష్టం.

మా గురువుగారు ఆ వినికిడిని కూడా పాఠంలోకే తెచ్చారు. తోడి రాగంలో ఏదైనా మొదలుపెట్టే ముందు నెలరోజులపాటు ఆ రాగం వినడమే పని. స్వరం రాసిన కాగితంలో గాంధారం 'గ' అన్న ఒక్క అక్షరంగానే కనబడుతుంది. తోడిలో దానిని గాంధారం దగ్గరే కదలకుండా నిలిపి పాడితే తోడి మిగలదు. అది కింద నుంచి ఊగుతూ రావాలి, ఎంత ఊగాలో ఏ పుస్తకమూ చెప్పదు. త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదింటిలో ఒకటైన వరాళి కీర్తన గురించి పెద్దలలో ఒక నమ్మకం ఉంది: వరాళి రాగాన్ని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చుని చెబితే ఇద్దరికీ చెడుతుందని, అందువల్ల దానిని వినే నేర్చుకోవాలని. పాత తరగతిలో మేము ఫోనులో పాట పెట్టుకుని వెంట పాడుతూ నేర్చుకున్న పద్ధతి తలచుకుంటే, అన్ని రాగాలనూ వరాళిలాగానే నేర్చుకున్నామని నవ్వు వస్తుంది. ఆ లెక్కన ఏ గురువుతోనూ మాకు చెడకూడదు.

ఇంటర్నెట్ ఉండగా ఇక్కడి గురువే ఎందుకు, భారతదేశంలోని విద్వాంసుల దగ్గరే నేర్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేర్చుకోవచ్చు, నేనూ ఒక ఏడాది అలా నేర్చుకున్నాను, చెప్పినవారు నిజంగా గొప్పవారు. కాని శబ్దం అటు నుంచి ఇటు రావడానికి పట్టే ఆలస్యం చిన్నదే అయినా ఇద్దరు కలిసి పాడడానికి అడ్డు వస్తుంది. సెకనులో వందవ వంతులు రెండు మూడు దాటితేనే కలిసి పాడేవారి కాలం తడబడడం మొదలవుతుంది, ఖండాలు దాటి వచ్చే శబ్దానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. పైగా జూమ్ వంటివి మాట స్పష్టంగా వినబడాలని తంబుర నాదాన్ని అనవసరపు చప్పుడుగా భావించి కోసేస్తాయి. సంగీతానికని ప్రత్యేకంగా ఉన్న అమరికను ఎంచుకుంటే తప్ప శ్రుతి అవతలికి చేరదు. ఎదురుగా కూర్చున్నప్పుడు మా గురువుగారు నాతో గొంతు కలిపి రెండు ఆవర్తనాలు, అంటే రెండు తాళపు చుట్లు, పాడి, హఠాత్తుగా తాను మానేస్తారు. అంతవరకు ఆవిడ గొంతు మీద ఆనుకుని ఉన్న నా స్వరం ఆ క్షణంలో ఎటు జారుతుందో నాకే తెలిసిపోతుంది. నా వరకు అసలు పాఠం ఆ మానెయ్యడంలోనే ఉంది. తెర మీద కలిపి పాడడమే లేనప్పుడు మానెయ్యడానికి అవకాశం ఏది?

ఇలా విదేశంలో కూర్చుని పెద్దల ఎదుట నేర్చుకోవడం మన తరంతో మొదలైనది కాదు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1960లలోనే బాలసరస్వతి నాట్యం చెప్పారు; ఆవిడ తమ్ముళ్ళు రంగనాథన్ మృదంగాన్ని, విశ్వనాథన్ వేణువును, గాత్రాన్ని అక్కడ చాలా ఏళ్ళు నేర్పారు. ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అమెరికన్ గాయకుడు జాన్ హిగ్గిన్స్‌ను మన రసికులు హిగ్గిన్స్ భాగవతార్ అని పిలుచుకున్నారు. క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది. ఆ ఆరాధనలో పంచరత్నాల గోష్ఠిలో ఒకసారి కూర్చుంటే, చుట్టూ ఉన్న వందల గొంతుల్లో తమ ఇంటి పాఠాంతరానికీ, అంటే తమ గురువు నేర్పిన రూపానికీ, పక్కవారి పాఠాంతరానికీ ఉన్న తేడాలను సర్దుకుంటూ పాడేవారిని చూస్తే, ఒక సంగతి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తెలిసి ఉండడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

మా తరగతిలో ఎక్కువమంది తమిళులు. వారి నుంచి నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెప్పాలి. గౌళ పంచరత్నం మొదలుపెట్టిన రోజున ఒక తమిళ అమ్మాయి, తెలుగు మీ భాషే కదా అంటూ 'దుడుకు గల నన్నే దొర కొడుకు బ్రోచురా' అన్న పల్లవికి అర్థం అడిగింది. 'నన్నే' అంటే నన్ను మాత్రమే అని చెప్పేశాను. గురువుగారు అక్కడా ఆపారు. అది 'నన్ను' 'ఏ దొర కొడుకు' అని విడదీయాలని, దుడుకుతనం గల నన్ను ఏ రాజకుమారుడు కాపాడతాడని త్యాగయ్య తనను తానే నిందించుకుంటున్నాడని చెప్పారు. పదం విరగవలసిన చోటు తెలియక ఊపిరి తీసుకుంటే అర్థం విరుగుతుంది. పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతున్నానన్న నమ్మకంతో సాహిత్యం వైపు కన్నెత్తి చూడని నాకన్నా, ప్రతి మాటకూ అర్థం అడిగి తమిళ లిపిలో రాసుకున్న ఆ అమ్మాయే నయం.

మా అమ్మాయి కూచిపూడి విషయం వేరే చెప్పవలసినంత ఉన్నా, ఇక్కడ కొంచెమే చెబుతాను. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ సంప్రదాయం నుంచి వచ్చినవారే ఇక్కడి ఆచార్యులలో ఎందరో. మా అమ్మాయికి నేర్పేవారు కూడా ఆ సంప్రదాయం వారే. ఆయన మొదటి రోజు చూసింది అమ్మాయిని కాదు, నేలను. సిమెంటు నేల మీద పరిచిన తివాచీ అడుగు చప్పుడును దాచుతుంది, మోకాళ్ళను మాత్రం కాపాడదని, కింద ఖాళీ ఉన్న చెక్క నేల దొరికేదాకా పాఠం వాయిదా వేశారు. కొయ్య మీద కర్రతో తాళం వేస్తూ తానే జతులు చెబుతారు తప్ప రికార్డు పెట్టరు. రికార్డు పిల్ల అలసటను బట్టి కాలాన్ని తగ్గించదు, తప్పు అడుగు పడితే ఆగదు. కళాశాల దరఖాస్తుల వేళకు రంగప్రవేశం అయిపోవాలని మేము పట్టుబట్టినప్పుడు, మోకాళ్ళు పక్కలకు వంచి నిలిచే అరమండి ఇంకా చివరిదాకా నిలవడం లేదని ఒక ఏడాది ఆపేశారు. ఆ రోజు నేను చాలా నొచ్చుకున్నాను. హాలు కోసం ఇచ్చిన బయానా వదులుకున్నాము, బంధువులకు సర్ది చెప్పుకున్నాము. అమ్మాయి మాత్రం ఆ ఏడాదంతా పళ్ళెం మీద తరంగం ఆడుతూ హాయిగా గడిపింది.

ప్రస్తుతం నేను భైరవి రాగంలోని అట తాళ వర్ణం దగ్గర ఉన్నాను. స్వరాలు ఎక్కేటప్పుడు ఒక ధైవతం ('ద'), దిగేటప్పుడు మరొక ధైవతం. పద్నాలుగు అక్షరాల ఆవర్తనంలో ఆ రెంటినీ కలగాపులగం చేయకుండా పాడాలి. పల్లవి మొదలుపెట్టి మూడు నెలలయింది. వచ్చే ఆదివారం రెండవ కాలంలో పాడి వినిపించమన్నారు. దిగేటప్పటి ధైవతం ఇంకా కుదరలేదు, ఎక్కడ ఆపుతారో నాకు ముందే తెలుసు.