అలిపిరి మెట్ల మీద 50 కోట్ల ఏళ్లు

నేను చదివేది బీకాం. సైన్సులో ఒక పేపర్ తప్పనిసరి అంటే, లెక్కలు తక్కువ ఉంటాయని భూవిజ్ఞానం తీసుకున్నాను. నెలంతా రాళ్ల పేర్లు బట్టీ పట్టడమే సరిపోయింది. అమ్మకు మెట్ల పూజ మొక్కు ఉంది, తిరుపతి వెళ్తున్నామని సెలవు అడిగితే మా లెక్చరర్ ఒకే మాటన్నారు: "కింద నుంచి ఒకసారి కొండను చూడు. పైనున్నదీ కిందున్నదీ ఒకే రాయి కాదు."

తిరుపతిలో దిగి తలెత్తితే నిజమే. పైన పొరలు పొరలుగా, గోడ కట్టినట్టు నిటారుగా ఎర్రటి రాయి. దాని కింద పొరలూ గిరలూ లేని వాలు, చెట్లు, గుండ్లు. చిన్నప్పటి నుంచి వస్తున్నా, ఎప్పుడూ పట్టించుకోలేదు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు. అమ్మ ఒక్కో మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడుతుంటే, సంచి పట్టుకుని వెనకాల నేను. ఆలోచించుకోవడానికి కావలసినంత టైమ్.

కిందది గ్రానైట్, వయసు 210 కోట్ల ఏళ్ల పైమాటే. పైన నగరి క్వార్ట్‌జైట్, దాదాపు 160 కోట్ల ఏళ్లది. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుకే ఇలా గట్టిపడింది. గ్రానైటేమో భూమి లోపల, చాలా లోతులో, నెమ్మదిగా చల్లారితేనే తయారవుతుంది. మరి దాని నెత్తిన ఇసుక ఎలా పడింది? అంటే దాని మీదున్న రాయంతా ముందు వానకీ గాలికీ అరిగి కొట్టుకుపోయి ఉండాలి. ఆ అరుగుదలకు పట్టిన కాలమే మధ్యలో ఖాళీ. 50 కోట్ల ఏళ్లు, 80 కోట్లని చెప్పేవాళ్లూ ఉన్నారు. దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. నా భాషలో చెప్పాలంటే, లెడ్జర్‌లో పాత పద్దు పక్కనే కొత్త పద్దు ఉంది, మధ్య పేజీలు లేవు. అలాగని అప్పుడు లావాదేవీలు జరగలేదని కాదు, జరిగిందంతా ఖర్చే.

కింది గ్రానైటూ పైనున్న క్వార్ట్‌జైటూ కలిసే ఆ గీతను ఏ మెట్టు దగ్గర దాటామో మాత్రం తెలియలేదు. చెక్కిన మెట్లు, పైన షెడ్డు, చుట్టూ గోవింద నామాలు. మోకాళ్ల పర్వతం దగ్గరికొచ్చేసరికి నాకు ఏ రాయీ గుర్తు లేదు, మోకాళ్లు తప్ప.

మర్నాడు దర్శనమయ్యాక శిలాతోరణం చూశాం. అదీ క్వార్ట్‌జైటే. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. మెత్తటి భాగం ముందు అరిగిపోయి, గట్టిది కమానులా నిలిచిపోయింది. "స్వామి రెండో అడుగు పెట్టింది ఇక్కడేనే" అని అమ్మ దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

దిగేటప్పుడు బస్సు. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీదుగానే దిగుతుంది. ఈ రోడ్డు కోతల్లో ఆ గీత కనిపిస్తుందని లెక్చరర్ చెప్పారు కాబట్టి కిటికీ సీటు కోసం పరిగెత్తాను. మూడు మలుపులు తిరిగేసరికి అమ్మకు కళ్లు తిరిగాయి, కిటికీ ఇచ్చేశాను. ఆమె భుజం మీదుగా మెడ సాచి చూస్తూనే ఉన్నాను. పొరల రాయి కాసేపు, చెట్లు కాసేపు, మళ్లీ మలుపు, కొండ అవతలి వైపుకి పోయింది. అటు కూర్చున్న వాళ్లంతా గుండ్లతో, లడ్డూ సంచులు ఒళ్లో పెట్టుకుని, హాయిగా నిద్రపోతున్నారు.

"ఏదే నీ గీత?" అంది అమ్మ కళ్లు తెరిచి. బస్సు అప్పటికే అలిపిరిలో ఉంది.