ఒక రీలు, ఒక కె1000, ఒక ఆదివారం

ఆదివారం. ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. బల్ల మీద పెంటాక్స్ కె1000 అనే ఫిల్ము కెమెరా, దానికి 50 ఎంఎం ఎఫ్/2 లెన్సు, పక్కన ఐఎస్ఓ 200 (ఫిల్ము వేగం, అంటే వెలుతురుకి అది ఎంత చురుకో చెప్పే అంకె) కలర్ రీలు ఒకటి. ఈ రోజుకి ఇదే సరంజామా.

1976లో వచ్చి 1997 దాకా తయారైన కెమెరా ఇది. ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకి చవగ్గా అందాలని చాలా వాటికి కోత పెట్టారు. సెల్ఫ్ టైమర్ లేదు, ఆన్-ఆఫ్ స్విచ్ కూడా లేదు. అడుగున రూపాయి బిళ్లతో తిప్పి తీసే మూత వెనక ఒకే ఒక్క ఎల్ఆర్44 బటన్ సెల్ ఉంటుంది. అది వెలుతురు కొలిచే మీటర్ ముల్లు కోసమే. సెల్ పూర్తిగా చచ్చిపోయినా షట్టర్ (ఫిల్ము మీద వెలుతురు పడే సేపు తెరుచుకుని మూసుకునే తెర) 1 సెకను నుంచి 1/1000 దాకా ప్రతి వేగానికీ పలుకుతుంది. స్విచ్ పని లెన్సు మూత చేస్తుంది: లోపల చీకటైతే మీటర్ కరెంటు తాగడం దాదాపు మానేస్తుంది. మూత పెట్టకుండా అలమారాలో వదిలేస్తే సెల్ అయిపోవడమే కాదు, కారి ఆ గూట్లో తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. దూది పుల్లను వెనిగర్‌లో ముంచి తుడిస్తే చాలాసార్లు పోతుంది.

రీలు ఎక్కించే దగ్గరే కొత్తవాళ్లు దెబ్బతింటారు. ఎడమవైపు రివైండ్ నాబ్‌ను గట్టిగా పైకి లాగితే వెనక తలుపు తెరుచుకుంటుంది. డబ్బాను బొడిపె కిందికి ఉండేలా పెట్టి నాబ్‌ను మళ్లీ నొక్కాలి. ఫిల్ము నాలుకను కుడిపక్క చుట్టుకునే కడ్డీ చీలికలో దోపి, తలుపు మూయకముందే ఫిల్మును ముందుకు జరిపే లీవర్ ఒకసారి లాగి చూడాలి. పళ్ల చక్రం మీద పైన, కింద రెండు వరసల చిల్లులూ కూర్చోవాలి. ఒక్క వరసే కూర్చుంటే పది ఫొటోల తర్వాత జారిపోతుంది. తలుపు మూశాక రివైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి డబ్బాలో వదులు తీసెయ్యాలి. రెండు ఖాళీ క్లిక్కులు కొట్టాలి. ఇక అక్కణ్నుంచి లీవర్ లాగిన ప్రతిసారీ ఎడమ నాబ్ బాణానికి ఎదురు తిరగాలి. తిరక్కపోతే లోపల ఫిల్ము కదలట్లేదనే. ఫొటోల లెక్క చూపించే అంకెను మాత్రం నమ్మొద్దు. రీలు లేకపోయినా అది 36 దాకా నిక్షేపంగా లెక్కపెడుతుంది.

షట్టర్ చక్రం అంచు పట్టి పైకెత్తి తిప్పితే ఫిల్ము వేగం (ఐఎస్ఓ) అంకె మారుతుంది. 200 దగ్గర పెట్టాలి. ఇది మర్చిపోతే ముల్లు రోజంతా బుద్ధిగా తప్పే చెబుతుంది.

మన మధ్యాహ్నం ఎండకి మీటర్ అక్కర్లేదు. మబ్బు లేని ఎండలో ఎఫ్/16 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ ఫిల్ము వేగానికి దగ్గరి అంకె. అంటే 200 రీలుకి 1/250. ఎఫ్/11 కావాలంటే 1/500, ఎఫ్/8 అయితే 1/1000. పల్చటి మబ్బుకి ఎఫ్/11, చెట్టు నీడకో అరుగు మీదకో వస్తే ఎఫ్/4, షట్టర్ అదే 1/250. సందేహం వస్తే ఇలాంటి కలర్ నెగెటివ్ రీలుకి ఒక మెట్టు (అంటే రెట్టింపు) వెలుతురు ఎక్కువ ఇవ్వడమే మేలు. ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడలన్నీ బురదగా, గింజలు గింజలుగా వస్తాయి. 400 రీలు కొని మిట్టమధ్యాహ్నం బయల్దేరేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 1/1000 దాటి ఈ కెమెరా పోదు, కాబట్టి ఎఫ్/11 కంటే తెరవడానికి వీలుండదు. వెనక అంతా మసకబారిన బొమ్మ ఆ ఎండలో రాదు.

వీధిలో మనుషుల్ని తీయాలంటే ప్రతిసారీ ఫోకస్ తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. ఎఫ్/11 పెట్టి దూరం 5 మీటర్ల దగ్గర ఆపితే దాదాపు 3 మీటర్ల నుంచి 14 మీటర్ల దాకా స్ఫుటంగా వస్తుంది. లెన్సు మీద గీసిన గీతలు చెప్పేదీ ఇదే. సంతలో నడిచేటప్పుడు ఇంతకంటే వేగమైన ఆటోఫోకస్ లేదు.

ముల్లుకీ ఒక బలహీనత ఉంది. అది ఫ్రేము అంతటినీ కలిపి సగటు చూస్తుంది. కిటికీ ముందు మనిషిని నిలబెడితే కిటికీని కొలిచి మొహాన్ని నల్లగా చేస్తుంది. మొహం మీద పడే వెలుతురే మన అరచేతి మీదా పడేలా చెయ్యి పట్టి, ఫ్రేము నిండా దాన్నే కొలిచి, ఒక మెట్టు తెరవాలి. అరచెయ్యి మీటర్ ఊహించుకునే బూడిద రంగుకంటే సుమారు ఒక మెట్టు తెలుపు. అందుకే ఆ మెట్టు.

ఫిల్ము కెమెరా ఓపిక నేర్పుతుందంటారు. నాకంత నమ్మకం లేదు. ఓపిక లేనివాడు 36 ఫొటోలూ గంటలో కొట్టేస్తాడు. నన్ను కట్టిపడేసేది వేరే: ఇందులో ప్రతి తప్పుకీ ఒక చిరునామా ఉంటుంది. ఫొటోల్లో ఒక అంచు నల్లబడి, అది 1/1000 వాటిలోనే ఉంటే షట్టర్ మొదటి తెర నెమ్మదించి, రెండోది దాన్ని దారిలోనే అందుకుంటోందని అర్థం. ఫ్లాష్ వేసిన ఫొటోలో సగం చీకటైతే చక్రం 1/60 దాటి ఉంది. ఎర్రటి చారలు అంచు నుంచి లోపలికి పాకితే తలుపు చుట్టూ ఉన్న నల్ల స్పాంజి కరిగి జిగురైపోయింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గీకి తీసి కొత్త పట్టీ అతికించాలి. గీకేటప్పుడు ముక్కలు షట్టర్ తెర మీద పడకుండా కాగితం అడ్డం పెట్టాలి. ఆ తెర రబ్బరు పూసిన గుడ్డ, వేలు తగిలినా మడత పడొచ్చు.

సాయంత్రం వెలుతురు తగ్గాక నాకిష్టమైన పరీక్ష చెవితో చేసేది. చక్రం 1 దగ్గర పెట్టి నొక్కితే అద్దం లేచిన చప్పుడు, తర్వాత లోపలి పళ్ల చక్రాలు తేనెటీగలా జుయ్‌మనడం, మళ్లీ చప్పుడు. ఆ జుయ్ ఒకే శ్రుతిలో ఒక సెకను సాగాలి. మధ్యలో తడబడినా, ఆగి మళ్లీ కదిలినా పాత గ్రీజు గట్టిపడిందన్నమాట. రీలు లేనప్పుడు ఇరవై ముప్పై సార్లు ఊరికే కొడితే కొన్నిసార్లు దారికొస్తుంది. రాకపోతే విప్పి శుభ్రం చేసే మెకానిక్ దగ్గరికే. కుట్టుమిషన్ నూనె చుక్క వేద్దామనే ఆలోచన మాత్రం వద్దు, అది పాకి అంతటా పట్టేస్తుంది.

చేతిలో పట్టుకుని 1/60 దాకా ధైర్యంగా తీయొచ్చు. 1/30కి గోడకో స్తంభానికో మోచెయ్యి ఆనించి, ఊపిరి సగం వదిలి నొక్కాలి. ఆ కింద స్టాండే. అద్దం కొట్టే దెబ్బకే బొమ్మ అదురుతుంది.

36 దాటాక లీవర్ బిగుసుకుంది. అక్కడ బలం చూపిస్తే చిల్లులు చిరుగుతాయి. అడుగు భాగంలో ఉన్న చిన్న బటన్ నొక్కి, రివైండ్ పిడిని బాణం వైపు నిదానంగా తిప్పాలి. బిగువు ఉన్నట్టుండి వదులైతే నాలుక కడ్డీ నుంచి ఊడింది. అక్కడ ఆపి తలుపు తీస్తే నాలుక బయట మిగిలి, వాడిన రీలు కొత్తదానిలాగే కనిపిస్తుంది. పొరపాటున మళ్లీ ఎక్కిస్తే ఈ ఆదివారం మీద ఇంకో ఆదివారం అచ్చవుతుంది. ఇంకో నాలుగు చుట్లు తిప్పి నాలుకను లోపలికి లాగేశాను. డబ్బా మీద తేదీ రాసి పక్కన పెట్టాను. రేపు కడగడానికి ఇవ్వాలి.