నల్ల జాకెట్టు, ఎర్ర పార

పోయిన డిసెంబర్లో ఒక సాయంత్రం మా ఆవిడ ఆఫీసు నుంచి వస్తూ, కారు డ్రైవ్‌వేలోకి తిప్పబోయి సడెన్‌గా బ్రేకేసింది. కారు కాస్త జారి మెయిల్‌బాక్సుకి జానెడు దూరంలో ఆగింది. సరిగ్గా ఆ మెయిల్‌బాక్సు పక్కనే నేను వంగి స్నో ఎత్తుతున్నాను. అద్దం దించి తను అన్న మొదటి మాట: "పార కనపడింది. నువ్వు కనపళ్లేదు."

నా పార ఎర్రది. జాకెట్టు నలుపు, ప్యాంటు నలుపు, టోపీ కూడా నలుపే. "మాసినా తెలీదు" అని కొనుక్కున్న బట్టలు మరి!

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ పక్క ఊళ్లో. ఒంటారియో సరస్సు మీదుగా వచ్చే చలిగాలి ఆ తేమంతా పీల్చుకుని తెచ్చి మా నెత్తిన పోస్తుంది, ఏడాదికి అటూఇటూగా 100 అంగుళాల స్నో. డిసెంబర్ చివర్లో 4:40కల్లా పొద్దు గూకుతుంది. అంటే ఉద్యోగం చేసుకునేవాడు స్నో తీసేది తెల్లవారకముందో, చీకటి పడ్డాకో. ఏడేళ్లుగా తీస్తున్నాను, ఆ రోజు దాకా నడుం నొప్పి గురించి ఆలోచించానే గాని, రోడ్డు మీద పోయేవాడికి కనపడుతున్నానా అన్న ఆలోచనే రాలేదు. ఎందుకు వస్తుంది, వాళ్ల హెడ్‌లైట్లు మనకి అంత దూరం నుంచే కనపడుతుంటాయి కదా, మనమూ వాళ్లకి అలాగే కనపడుతున్నాం అనుకుంటాం. వాడి లైటు మన కళ్లలో పడుతోంది నిజమే, కానీ నల్ల బట్ట మీద పడిన వెలుగులో తిరిగి వాడి కంటికి చేరేది చాలా తక్కువ.

ఓ రాత్రి కూర్చుని లెక్కేశాను. గంటకి 30 మైళ్లంటే సెకనుకి 44 అడుగులు. మనిషిని గుర్తుపట్టి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకన్లు వేసుకున్నా 66 అడుగులు అయిపోయాయి. అప్పుడు మొదలవుతుంది ఆగడం. పొడి రోడ్డు మీద ఇంకో 45 అడుగుల్లో ఆగే బండి, టైర్ల కింద నలిగి గట్టిపడ్డ స్నో మీద 150 అడుగుల దాకా పోతుంది. మా ఇంటి నుంచి మూడో ఇంటి దగ్గరే నేను వాడికి కనపడాలన్నమాట.

వారం తిరక్కుండా రేడియం జాకెట్టు కొన్నాను. మన దగ్గర లారీల వెనకా, ఎడ్లబండ్ల వెనకా అంటించేవాటిని రేడియం స్టిక్కర్లంటాం కదా, వాటిలో రేడియం ఏమీ ఉండదు, సన్నటి గాజు పూసలో, పట్టకం లాంటి నొక్కులో ఉంటాయి, పడిన వెలుగుని పడిన దారిలోనే వెనక్కి పంపిస్తాయి. ఇక్కడ కొనేముందు నాకూ తెలీని సంగతి ఒకటుంది: ఆ జాకెట్టులో పనిచేసేవి రెండు వేరు వేరు వస్తువులు. కళ్లు జిగేల్‌మనే ఆ బట్ట రంగు పగటి వెలుగులోని అతినీలలోహిత కిరణాలతో వెలుగుతుంది, కాబట్టి పగలూ, మసక వెలుతురులోనూ బాగా పనికొస్తుంది, రాత్రి హెడ్‌లైట్లకి అది మామూలు బట్టే. రాత్రి పనిచేసేది బూడిదరంగు పట్టీ. పట్టీ లేని నిమ్మపండు రంగు టీషర్టు వేసుకుని రాత్రిపూట ధైర్యంగా నిలబడేవాళ్లని చూస్తే ఇప్పుడు నాకు టెన్షన్. రంగు విషయంలో నేను నారింజే తీసుకున్నాను, తెల్లటి స్నో ముందు పసుపుపచ్చ కన్నా అదే కొట్టొచ్చినట్టుంటుంది.

కానీ అసలు కిటుకు జాకెట్టులో లేదు. 1973లో గున్నార్ యోహాన్సన్ అనే స్వీడన్ సైకాలజిస్టు మనుషుల కీళ్ల దగ్గర చిన్న చిన్న దీపాలు పెట్టి, మిగతా ఒళ్లేమీ కనపడకుండా చీకట్లో నడిపించి చూపించాడు. కదలకుండా నిలబడితే అవి ఉత్త చుక్కలు, రెండడుగులు వేశారో లేదో చూసేవాళ్లు "మనిషి నడుస్తున్నాడు" అనేశారు. జాకెట్టు ఒక్కటే వేసుకుంటే దూరం నుంచి అది ఏ బోర్డో, డ్రమ్మో అనుకోవచ్చు. మణికట్లకీ, చీలమండలకీ పట్టీలు కడితే, పార ఎత్తి దించుతున్నప్పుడు ఆ ఆడే తీరుని బట్టే మనిషని తెలిసిపోతుంది. సైకిల్ తొక్కేవాళ్లు ప్యాంటుకి చుట్టుకునే పట్టీలు నాలుగు తీసుకున్నాను, జాకెట్టు కన్నా చవకే. చేతి పట్టీ గ్లవ్ మీదుగా రావాలి, కాలి పట్టీ బూటు పైకంటా ఉండాలి, లేకపోతే స్నోలో కూరుకుపోతుంది. స్నో బ్లోవర్ తోస్తే ఇంకో తంటా, అది ఎగజిమ్మే పొడి అంతా మనమీదే పడి పట్టీలు తెల్లగా కప్పుకుపోతాయి. మధ్యమధ్యలో గ్లవ్‌తో తుడుచుకోవాలి.

టెస్ట్ చేయడం తేలిక. గదిలో లైటార్పి, జాకెట్టు తలుపుకి తగిలించి, టార్చి కణత దగ్గర కంటికి ఆనించినట్టు పట్టుకుని చూడండి. భగ్గుమంటుంది. అదే టార్చి చెయ్యి చాపి పక్కకి పట్టుకుని చూస్తే వెలవెలబోతుంది. పదిసార్లు ఉతికిన నా పాత రన్నింగ్ జాకెట్టు గుట్టు ఇలాగే బయటపడింది, దాని పట్టీ మీద మెరుపు ఎప్పుడో పోయింది.

మా రోడ్డు మీద స్నో ఊడ్చే ప్లౌ ట్రక్కు ప్రతిసారీ డ్రైవ్‌వే మూతిలో ఒక స్నో గట్టు పోసి పోతుందని ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అది గడ్డకట్టాక రాయే. అది తీసే పదిహేను నిమిషాలే అసలు ప్రమాదం, ఎందుకంటే మనం దాదాపు రోడ్డు మీదే ఉంటాం. నేను ఏళ్ల తరబడి ఆ స్నోని ఎటు వీలైతే అటు పోశాను. ఇంటి నుంచి రోడ్డు వైపు తిరిగి నిలబడితే ఇక్కడ దగ్గరి లేన్లో బళ్లు ఎడమ నుంచి కుడికి పోతాయి. ఎడమ పక్కన కుప్ప పోస్తే వచ్చే బండికీ నాకూ మధ్య నేనే గోడ కట్టుకున్నట్టు. పైగా ప్లౌ మళ్లీ వచ్చినప్పుడు ఆ కుప్పని లాక్కొచ్చి నా డ్రైవ్‌వేలోనే పడేస్తుంది. ఇప్పుడు ఎడమ పక్కన రోడ్డంచున కారంత జాగా ఖాళీ చేసి ఉంచుతాను, ప్లౌ మోసుకొచ్చేది చాలావరకు అక్కడే పడిపోతుంది, నా స్నో అంతా కుడి పక్కకి. పనిచేస్తున్నంతసేపూ ముఖం ఎడమకే. చెవుల్లో పాటలు బంద్. జాకెట్టు హుడ్ కూడా వేసుకోను, అది చెవుల కన్నా ముందు పక్కచూపుని మింగేస్తుంది. కారు బయటపడే సందుంటే గట్టు జోలికి చీకట్లో అసలు పోను, తెల్లారాక చూసుకుంటాను.

మధ్యలో నేను చేసిన తెలివితక్కువ పనొకటి. వెలుతురు కోసమని కారుని రోడ్డు వైపు తిప్పి, హెడ్‌లైట్లేసి, దాని ముందు నిలబడి పని చేశాను. పక్కింటి రిటైర్డ్ పెద్దాయన వచ్చి నవ్వుతూ ఆపించాడు, ఆ లైట్లు ఎదురొచ్చేవాడి కళ్లలో కొట్టి నన్ను మాయం చేస్తున్నాయట. తన సైకిల్‌ది ఎర్ర బ్లింకర్ తెచ్చి నా వీపుకి తగిలించి పోయాడు. ఇంకా తిరిగివ్వలేదు.

ఆదివారం వీడియో కాల్లో నాన్నకి ఈ అవతారం చూపించాను. తెనాలి వైపు మా ఊళ్లో కోతలప్పుడు వడ్లు తారు రోడ్డు మీదే ఆరబోసేవాళ్లు. రాశి చుట్టూ రాళ్లు పేర్చి, చీకటి పడితే చివరి రాయి మీద లాంతరు పెట్టి, పక్కనే మంచం వేసుకుని నాన్న కాపలా పడుకునేవాడు. నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "మున్సిపాలిటీలో చేరావేంట్రా?" అన్నాడు. నవ్వాక, "లాంతరు రాశికి దగ్గరగా పెట్టేవాళ్లం కాదు, బండి వచ్చే వైపు ముప్పై అడుగులు ముందుకి పెట్టేవాళ్లం, గుర్తుందా?" అన్నాడు.

నాకు గుర్తులేదు. మర్నాడే డ్రైవ్‌వేకి ఎడమ పక్కన, మా పచ్చిక అంచు వెంబడి ముప్పై అడుగుల దాకా రేడియం చుట్టిన పుల్లలు గుచ్చుదామని వెళ్తే నేల గడ్డకట్టుకుపోయి ఒక్కటీ దిగలేదు. ప్రస్తుతానికి రెండు బకెట్లలో ఇసక పోసి వాటిలో నిలబెట్టాను. మా ఆవిడకీ ఓ నారింజ జాకెట్టు కొన్నాను, గరాజు తలుపు పక్కన మేకుకి నా దాని మీదే తగిలించి ఉంది. తను ఇంతవరకు వేసుకోలేదు, స్నో తీయడం నా డిపార్ట్‌మెంటట.