పులి చివర రావాలి

తమిళనాడులోని పళని వెళ్లివచ్చి నెల దాటినా, ఎవరైనా ప్రయాణం గురించి అడిగితే నేను మొదలుపెట్టేది దారిలోని ఒట్టన్‌చత్రం అనే ఊళ్లో తిన్న సాంబారుతోనే. స్వామి దర్శనం సంగతి ముందు చెప్పమని అమ్మ ఇప్పటికి రెండుసార్లు విసుక్కుంది.

దిండిగల్‌లో ఎక్కిన బస్సు ఏప్రిల్ ఎండలో సరిగ్గా ఆ ఊళ్లోనే పంక్చరై నిలిచిపోయింది. టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వనన్న కండక్టరు మీద కోపంతో రోడ్డు పక్క మెస్సులోకి వెళ్లి కూర్చున్నాను. కూరగాయల టోకు సంతకు పేరుపడిన ఊరు కదా, ఎదురుగా లారీలోకి మునగకాడలను కట్టలు కట్టలుగా ఎత్తుతున్నారు. మా కాకినాడలో ఒక్కొక్క కాడను లెక్కపెట్టి పది రూపాయలకు కొనుక్కునే నాకు కళ్లు కుట్టాయి.

నా బల్ల దగ్గరే కూర్చున్న రైతు ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి కావడం నా అదృష్టం. పక్క జిల్లా పెరియకుళంలోని ఉద్యాన కళాశాల పీకేఎం-1 అనే మునగ రకాన్ని తెచ్చాక, కొమ్మ నాటి ఏళ్లతరబడి చూసుకునే చెట్టు కాస్తా విత్తనం వేసిన ఆరు నెలలకే కాపుకొచ్చే పంటగా మారిందని ఆయన చెప్పాడు. గొంగళిపురుగులకు జడిసి మేమెవరమూ కిందికి వెళ్లని మా నాయనమ్మ నూతిపక్క చెట్టు నాకు గుర్తుకొచ్చింది.

నూట ఇరవై రూపాయల భోజనం ఆ మెస్సుకు ఎక్కువేననిపించింది, ఆకులో సాంబారు పడేదాకా. వేలెడు మునగ ముక్కను చివర పట్టుకుని విప్పితే మూడు పాయలుగా చక్కగా విడిపోయింది. పంటితో లాగితే లేత గింజలతో సహా గుజ్జంతా నోట్లోకి వచ్చి పీచు మాత్రమే చేతిలో మిగిలింది. మా ఇంటి పులుసులో కాడ అయితే గట్టిగా ఉంటుంది, లేదంటే నారలు నారలుగా విడిపోయి పులుసంతా పాడుచేస్తుంది.

"అక్కా, ఇంత మెత్తగా ఎలా ఉడికింది?" అని వంటావిడను అడిగి, వంటను తెగ పొగిడాను. మునగచెట్టు ఎక్కించినా ఎక్కే మనిషి కాదావిడ. తల కూడా ఎత్తకుండా "పులి కడైసియిల" అంది. పులి ఎక్కడినుంచి వచ్చిందా అని నేను తెల్లబోతే రైతు పగలబడి నవ్వాడు. తమిళంలో పులి అంటే చింతపండట, కడైసియిల అంటే చివరలో అనట. పులుపు ముందే పడితే కాడ బిగుసుకుపోతుంది కాబట్టి, పప్పునీళ్లలో ఉప్పూ పసుపూ వేసి ముక్కను పూర్తిగా ఉడకనిచ్చి, చింతపండు రసం చివర పోయాలట. తొక్క కూడా నున్నగా చెక్కకూడదట. అక్కడొకటి ఇక్కడొకటి నార లాగి వదిలేస్తేనే ముక్క చెదరకుండా నిలుస్తుందట. అమ్మ పాలు పోసి వండే కూరలో కాడ ఎప్పుడూ వెన్నలా ఎందుకుంటుందో నాకు ఆ ఆకు ముందే అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో ఒక కట్ట కొన్నాను. సంచిలోంచి జానెడు బయటికి పొడుచుకువచ్చిన ఆ కాడలు రైల్లో ఎంతమందికి తగిలాయో, ఎన్ని మాటలు పడ్డానో చెప్పనక్కరలేదు.

అమ్మ ఒక కాడను మెలితిప్పి చూసి, లేతవేనని ఒప్పుకుంది. పులి సంగతి విని మాత్రం, నలభై ఏళ్లుగా పులుసు పెడుతున్న తనకు బస్సు దిగి వచ్చినవాడు నేర్పడమేమిటని గొణిగింది. కాసేపటికి వంటింట్లోంచి పిలుపు వచ్చింది. వెళ్లి చూస్తే, చింతపండు రసం గిన్నె చేత్తో పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది.

"కాడ ఉడికింది. ఇక పులిని వదలమంటావా?" అంది.