తాకిందా, తాకలేదా: రెండు పేటెంట్ దరఖాస్తులతో నా అనుభవం

నేను రెండు పేటెంట్ దరఖాస్తులు వేశాను. ఒకటి హార్డ్ డిస్క్ సెన్సింగ్ మీద, ఇంకొకటి సెల్యులార్ నెట్‌వర్క్ మీద. మొదటిదానికి పేటెంట్ వచ్చింది, రెండోదానికి రాలేదు. అయినా రెండోది ఊరికే పోలేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

అప్పట్లో నా పని ఒక్కటే. హార్డ్ డిస్క్‌లో డేటా చదివి రాసే హెడ్, డేటా ఉండే ప్లాటర్ అనే గుండ్రటి పళ్లేన్ని తాకిందా, తాకలేదా అని కనిపెట్టడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. 1956లో ఐబిఎం తెచ్చిన, హార్డ్ డిస్క్ ఉన్న తొలి కంప్యూటర్ రామాక్‌లో హెడ్‌కీ ప్లాటర్‌కీ మధ్య సుమారు 20 మైక్రోమీటర్ల సందు ఉండేది. ఆ సందు నిలవడానికి కంప్రెసర్‌తో గాలి ఊదేవారు. ఇప్పటి డ్రైవ్‌లలో చదివేటప్పుడు ఆ సందు ఒకటి రెండు నానోమీటర్లకు వచ్చేసింది. డీఎన్‌ఏ పోగు వెడల్పే 2 నానోమీటర్లు. కింద ప్లాటర్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే, హెడ్ అంత దగ్గరగా గాలి మీద తేలుతూ ఉండాలి.

అంత కిందికి దించడానికి హెడ్ లోపల చిన్న హీటర్ ఉంటుంది. దానికి పవర్ ఇస్తే హెడ్ కొస కాస్త ఉబ్బి కిందికి వస్తుంది. ఫ్యాక్టరీలో ప్రతి హెడ్‌కీ ఈ పవర్‌ని మెల్లగా పెంచుకుంటూ పోయి, తాకిన క్షణం గుర్తుపట్టి, అక్కణ్ణుంచి కొద్దిగా తగ్గిస్తారు. ఆలస్యంగా గుర్తుపడితే హెడ్ అరిగిపోతుంది. తాకకముందే తాకిందనుకుంటే హెడ్ ఎత్తులోనే ఉండిపోయి డేటా సరిగా చదవదు.

తాకడాన్ని పసిగట్టేది హెడ్‌లోనే ఉండే ఒక సన్నని లోహపు సెన్సర్. వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. హెడ్ కిందికి దిగే కొద్దీ ప్లాటర్ ఆ వేడిని లాగేసుకుంటుంది కాబట్టి గ్రాఫ్‌లో గీత ఎక్కడం నెమ్మదిస్తుంది. తాకగానే రాపిడికి మళ్లీ పైకి లేస్తుంది. ఆ వంపు దొరికితే పని అయిపోయినట్టే. కానీ నా స్క్రీన్ మీద ఆ గీత నాయిస్‌తో, అంటే సిగ్నల్‌లో కలిసే అక్కర్లేని అలజడితో, గొంగళి పురుగు వీపులా ఉండేది. వంపు ఎక్కడుందో ముగ్గురం చూస్తే మూడు చోట్ల చూపించేవాళ్లం.

నాకో ఉపాయం తట్టింది. హీటర్‌కి పవర్ నిలకడగా ఇవ్వకుండా ఒక ఫ్రీక్వెన్సీలో పెంచుతూ తగ్గిస్తూ ఇచ్చి, సెన్సర్ సిగ్నల్‌లో ఆ ఫ్రీక్వెన్సీ భాగాన్ని మాత్రమే చూస్తే? మిగతా నాయిస్ చాలావరకు పక్కకు పోతుంది. చేసి చూస్తే గీత నున్నగా వచ్చింది. ఆ రాత్రే, కొత్త ఐడియాని కంపెనీకి తెలిపే ఇన్వెన్షన్ డిస్‌క్లోజర్ ఫారం నింపేశాను.

మా పేటెంట్ ఏజెంట్ నాలుగు రోజుల తర్వాత పిలిచారు. "మీ ఐడియా బాగుందండీ. చాలామందికి బాగుంది," అని ఆరు డాక్యుమెంట్లు టేబుల్ మీద పెట్టారు. పేటెంట్ల వర్గీకరణలో జి11బి 5/60 అనే వర్గంలో వెతికారట. హెడ్‌ని ప్లాటర్ మీద గాలిలో నిలిపే విషయాలన్నీ అక్కడే పేరుకుంటాయి. ఆరింటిలో రెండు అచ్చం నా ఐడియానే, నాకంటే చక్కగా రాశారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వెతికి చూసుకుని రావాల్సింది నేనే కదా.

ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టే, "సరే, ఇది కాక ఇంకేం చేశారు?" అని అడిగారు. ఏమీ చేయలేదనబోయి ఆగాను. మా ల్యాబ్ టెక్నీషియన్ కొన్ని వారాల క్రితం చెప్పిన మాట గుర్తొచ్చింది. "సార్, ఇది ఎప్పుడూ ఒకే మూల దగ్గర ముందు తాకుతోంది చూశారా?" అన్నాడాయన. నిజమే. ప్లాటర్ ఎంత నున్నగా ఉన్నా ఎక్కడో ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. హెడ్ ముందు అక్కడే తగులుతుంది. 7200 డ్రైవ్‌లో ఒక చుట్టుకి 8.33 మిల్లీసెకన్లు. నాయిస్ ఎక్కడైనా వస్తుంది, తాకిడి మాత్రం చుట్టు చుట్టుకీ అదే కోణంలో వస్తుంది. ఇదంతా నేను కోడ్‌లో ఒక చిన్న చెక్‌గా పెట్టుకుని మర్చిపోయాను.

"అది రాయండి," అన్నారు ఆవిడ.

పేర్ల దగ్గర పేచీ వచ్చింది. అప్పటి మా మేనేజర్ తన పేరు ఉండాలన్నారు, టెక్నీషియన్ పేరు ఎందుకన్నారు. ఆవిడ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న అడిగారు: "ఏ క్లెయిమ్‌లో మీ ఆలోచన ఉందో చూపించండి." క్లెయిమ్ అంటే దేని మీద హక్కు కావాలో దరఖాస్తులో చెప్పే వాక్యం. మేనేజర్ బడ్జెట్ ఇచ్చారు, గడువు ఇచ్చారు, పరికరాలు ఇప్పించారు. అవేవీ క్లెయిమ్‌లో లేవు. టెక్నీషియన్ మాత్రం తన నోట్‌బుక్ తెచ్చి ఒక బొమ్మ చూపించాడు. పవర్ ఒక్కో మెట్టు పెంచినప్పుడల్లా తాకిన భాగాన్ని గుండ్రటి గీత మీద పెన్సిల్‌తో నింపాడు. మొదట సూదిమొనంత చుక్క. తర్వాతి మెట్టుకి చిన్న వంపు. ఆ తర్వాత ఇంకాస్త పొడుగు. తాకిడి అదే కోణంలో రావడమే కాదు, అక్కణ్ణుంచి రెండు పక్కలకూ పాకుతోంది. అది క్లెయిమ్ 4 అయింది, ఆయన పేరు దరఖాస్తులోకి ఎక్కింది. మేనేజర్‌గారు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు.

క్లెయిమ్ 1ని మొదట నేనే రాశాను. ఆవిడ ఎర్ర పెన్ను తీశారు. "7200 ఎందుకు? 5400 డ్రైవ్ వాళ్లు తప్పించుకుపోరూ?" కొట్టేశారు. "రెసిస్టెన్స్ సెన్సర్? రేపు ఇంకో రకం వస్తే?" అదీ పోయింది. మిల్లీవాట్లు పోయాయి, నానోమీటర్లు పోయాయి. చివరికి తిరిగే మాధ్యమం, ఎడం మార్చే సాధనం, సంకేతం, కోణం మిగిలాయి. అందులో నా హార్డ్ డిస్క్ నాకే కనిపించలేదు. ఇంత చిన్న విషయానికి ఇంత హడావిడా అని నవ్వాను. అప్పుడావిడ కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కథ చెప్పారు. అలెగ్జాండర్ కావ్చిచ్, జోసే మౌరా అనే ఇద్దరు, డిస్క్ చదివేటప్పుడు వచ్చే నాయిస్ పక్క పక్క బిట్‌లను బట్టి మారుతుందని లెక్కలోకి తీసుకునే డిటెక్టర్‌కి పేటెంట్లు తీసుకున్నారు. వాటి మీద మార్వెల్ కంపెనీతో నడిచిన కేసులో 2012లో జ్యూరీ సుమారు 117 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. అప్పీళ్ల తర్వాత 2016లో 75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. "నాయిస్‌ని చులకనగా చూడకండి," అన్నారావిడ.

అంతా సిద్ధమవుతుండగా నేను మాటల్లో మాటగా, వచ్చే నెల కాన్ఫరెన్స్‌లో దీని మీద మాట్లాడుతున్నానని చెప్పాను. ఫోన్‌లో అవతల కాసేపు మాట లేదు.

"అబ్‌స్ట్రాక్ట్ పంపించారా?"

"పంపించానండీ. తీసుకున్నారు కూడా."

"వాళ్లు దాన్ని ఎప్పుడు బయట పెడతారు?"

చూస్తే తొమ్మిది రోజుల్లో. దరఖాస్తు వేయకముందే విషయం బయటికి వస్తే కొత్తదనం పోయినట్టే. అమెరికాలో అయితే ఏడాది వెసులుబాటు ఉంటుంది, యూరప్‌లో అలాంటిది దాదాపు లేనట్టే. ఆ తొమ్మిది రోజుల టెన్షన్ వర్ణించలేను. బొమ్మలు నేనే గీశాను. ఎనిమిదో రోజు రాత్రి దరఖాస్తు నంబర్ స్క్రీన్ మీద కనిపించాకే ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత చాలాకాలం ఏమీ జరగలేదు. మొదటి దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల లోపు పిసిటి అనే దేశాల మధ్య ఒప్పందం కింద అంతర్జాతీయ దరఖాస్తు, 18 నెలలకు ప్రచురణ, 30 నెలలకు ఏయే దేశాల్లో ముందుకెళ్లాలో తేల్చుకోవడం. ఇవన్నీ క్యాలెండర్ చూసుకునేవాళ్ల పని. నేను మర్చిపోయాను కూడా.

అప్పుడొచ్చింది పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ నుంచి పరీక్ష నివేదిక. అందులో మనకంటే ముందున్న డాక్యుమెంట్లను డి1, డి2 అని పిలుస్తారు. డి1 అంటే హీటర్ పవర్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఇచ్చే పద్ధతి చెప్పే పాత డాక్యుమెంట్. డి2 ఏమో ప్లాటర్ మీద గరుకు మచ్చలను కోణం ప్రకారం నమోదు చేసే పద్ధతి. హెడ్ ఆ మచ్చలకు తగిలితే వేడికి సిగ్నల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. థర్మల్ యాస్పరిటీ అంటారు దాన్ని. ఈ రెండూ చదివిన నిపుణుడికి మీ క్లెయిమ్ 1 తట్టడం కష్టమేమీ కాదని ఎగ్జామినర్ రాశారు. చదివి ఒళ్లు మండింది. రెండోసారి చదివాక ఆయనదే న్యాయమనిపించింది. తాకిడి ఒకే చోట రావడం అనే సంగతి డి2లో ఉంది. పాకడం మాత్రం లేదు. మచ్చ ఉన్నచోటే ఉంటుంది, పవర్ పెంచితే రెండు పక్కలకూ నిలకడగా పెరుగుతూ పోయేది నిజమైన తాకిడి ఒక్కటే.

క్లెయిమ్ 4ని తీసి క్లెయిమ్ 1లో కలిపాం. కొట్టేసిన రెసిస్టెన్స్ సెన్సర్ కూడా తిరిగొచ్చి చేరింది. వీడియోలో విచారణ జరిగిన రోజు ఎగ్జామినర్ అడిగినవన్నీ ఆ పెన్సిల్ బొమ్మ గురించే. పేటెంట్ మంజూరైంది. నేను రాత్రంతా కూర్చుని నింపిన ఫారంలోని ఐడియా అందులో ఎక్కడా లేదు.

రెండోదాని సమయానికి నేను నెట్‌వర్క్‌ల వైపు మారాను. అనుకున్నంత దూరం కాదు అది. గాలగర్ అనే ఇంజనీర్ 1960ల్లో ప్రతిపాదించిన, తప్పులు సరిదిద్దే ఎల్‌డిపిసి కోడ్‌లే అక్కడ హార్డ్ డిస్క్ చదవడానికీ, ఇక్కడ 5జి డేటా పంపడానికీ వాడతారు. సమస్య కూడా పాతదే, నాయిస్‌లో నిర్ణయం తీసుకోవడం. పక్క టవర్ సిగ్నల్ మన టవర్ కంటే ఒక హద్దు మించి మెరుగ్గా, కొంత సేపు నిలకడగా ఉంటే ఫోన్ ఆ సంగతి నెట్‌వర్క్‌కి చెబుతుంది, నెట్‌వర్క్ హ్యాండోవర్ చేస్తుంది, అంటే ఫోన్‌ని ఆ టవర్‌కి మారుస్తుంది. 4జిలో ఆ కొంత సేపు 0 నుంచి 5120 మిల్లీసెకన్ల వరకు ఎంత ఉండాలో నెట్‌వర్కే నిర్ణయిస్తుంది. తక్కువ పెడితే ఫోన్ రెండు టవర్ల మధ్య అటూ ఇటూ దూకుతూ ఉంటుంది. పింగ్ పాంగ్ అంటారు. ఎక్కువ పెడితే మారేలోపే కాల్ తెగిపోతుంది.

ఈసారి బుద్ధి తెచ్చుకుని ముందు నేనే వెతికాను. హెచ్04డబ్ల్యూ 36 అనే వర్గంలో మొదలుపెట్టి వెనక్కి వెనక్కి పోతే బెల్ ల్యాబ్స్‌కి చెందిన ఏమస్ జోయల్ పేటెంట్ తగిలింది. కదిలే ఫోన్‌ని ఒక సెల్ (టవర్ పరిధి) నుంచి ఇంకో సెల్‌కి కాల్ తెగకుండా అప్పగించే పద్ధతి. 1972లో మంజూరైంది. మోటరోలాలో మార్టిన్ కూపర్ చేతి ఫోన్‌తో మొదటి కాల్ చేసింది 1973 ఏప్రిల్ 3న. అప్పట్లో అమెరికాలో పేటెంట్ గడువు మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు, అంటే 1989 దాకా. అక్కడ సెల్యులార్ సర్వీస్ జనానికి వచ్చింది 1983లో. గడువులో పదకొండేళ్లు ఎదురుచూడటానికే సరిపోయాయి. వెతకడం మానేసి ఆ పేటెంట్ చదువుతూ కూర్చున్నాను.

నా ఐడియా ఏమిటంటే, రోజూ ఒకే దారిలో పోయే ఫోన్ ఒకే చోట పింగ్ పాంగ్ ఆడుతుంది. ఆ చోటు గుర్తుంచుకుని అక్కడ మాత్రం ఆగే సమయం పెంచాలి. పాత డిస్క్ బుద్ధే, ప్లాటర్ బదులు రోడ్డు. పాత ఏజెంట్‌గారే మళ్లీ. "చోటు ఎలా తెలుస్తుంది?" అన్నారు. జీపీఎస్ అన్నాను. "అది లేకపోతే?" వినిపిస్తున్న టవర్లు ఏ వరుసలో వచ్చాయో చూసి కూడా చెప్పొచ్చన్నాను. "అయితే అది కూడా ఒక వాక్యం రాసి పడేయండి." రాసి పడేశాను. 31వ పేరా, చివరి వాక్యం.

ఈసారి డి1 పేటెంట్ కూడా కాదు, మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు తయారుచేసే 3జిపిపి మీటింగ్‌లో ఎవరో సమర్పించిన నాలుగు పేజీల పత్రం. ఆ పత్రాలు ఎవరైనా చదువుకునేలా బయట ఉంటాయి కాబట్టి అవీ ప్రయర్ ఆర్టే, అంటే ముందే బయటికొచ్చిన విషయమే. అందులో నా క్లెయిమ్ దాదాపు మొత్తం ఉంది. జవాబు ఇవ్వొచ్చని ఏజెంట్‌గారు అన్నారు, కంపెనీ కమిటీ అక్కర్లేదంది. గడువు దాటింది, దరఖాస్తు రద్దయింది. అయితే 18 నెలలకు జరగాల్సిన ప్రచురణ అప్పటికే అయిపోయింది.

మూడేళ్ల తర్వాత ఒకరోజు ఏదో వెతుకుతూ ఆ దరఖాస్తు పేజీ తెరిచాను. కింద దాన్ని ఉదహరించిన పత్రాల వరుసలో ఒక పేరు ఉంది. ఎవరో వేసిన దరఖాస్తు, ఫోన్ విన్న టవర్ల వరుసను బట్టి దారిని గుర్తుపట్టి హ్యాండోవర్ సమయం మార్చే పద్ధతి. దాని పరీక్ష నివేదిక తెరిస్తే డి1 నాదే. కొత్తదనం లేదు, చూడండి పేరా 31, చివరి వాక్యం అని ఎగ్జామినర్ రాశారు.

స్క్రీన్‌షాట్ తీసి ఏజెంట్‌గారికి పంపించాను. కాసేపటికి ఆవిడ నుంచి జవాబొచ్చింది: "పాపం, వాళ్ల ముందు ఆ ఆరు డాక్యుమెంట్లూ ఎవరూ పెట్టలేదేమో."